పిట్ట రెక్క ఆడటం లేదు

తమ్ముడూ,

నా మీద కోపం కాసేపు పక్కన పెట్టి ఇది చదువు. పిన్ని ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. కుడిచేతి వేళ్లు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. వాటికి ఏదో ఒక పని చెబుతూ ఉండమన్నాడు డాక్టరు. నాకు మన కార్డు గుర్తొచ్చింది. ఏటా పిన్ని పుట్టినరోజుకి చేసేవాళ్లం కదా! తెరవగానే చెట్టు లేచి నిలబడేది, కింద అట్టముక్క లాగితే కొమ్మ మీద పిట్ట రెక్కలాడించేది. చెట్టూ పిట్టా నా వంతు, లాగే అట్టముక్క నీ వంతు. దాన్ని నన్ను ముట్టుకోనిచ్చేవాడివా?

మొన్న నేనొక్కదాన్నే కూర్చుని చేశాను. చెట్టు బుద్ధిగా లేచింది. పిన్ని రెండు వేళ్లతో లాగితే అట్టముక్క ఇరుక్కుని మొరాయించింది. పిట్ట ఉలకలేదు, పలకలేదు.

"వాడు చేస్తే సర్రున వచ్చేది కదే," అంది.

"వాడు అంచులకి కొవ్వొత్తి రుద్దేవాడు పిన్నీ. ఇటివ్వు, నేనూ రుద్దుతాను."

ఎడంచేత్తో కార్డు లాక్కుని దిండు కింద దాచుకుంది.

"నువ్వు ముట్టుకోకు. అది వాడి పని."

కొవ్వొత్తి ఇంట్లోనే ఉంది. నువ్వు చేతులూపుకుంటూ వచ్చెయ్.

అక్క