కొక్కెం చుట్టూ ఎర్రదారం

అక్కా,

క్షేమమేనా? ఊరికే అడగడం లేదు. ఫోనులో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మ గిల్టు హారం కనిపించింది. ఇరవై ఏళ్లుగా పాత గిల్టు నగలు ఏరి వెలకట్టేదాన్ని, పొరబడను. కొక్కెం గీరి మెడ వెనక మచ్చ పడ్డాక అమ్మ దానికి చుట్టుకున్న ఎర్రదారం అలాగే ఉంది.

అమ్మను పాడె ఎక్కించే ముందు ఒంటిమీది బంగారమంతా ఒలిచి, "ఇది గిల్టేగా, ఉండనీ" అన్నావు. హారంతోనే దహనం చేశాం. దీనికి మసైనా అంటలేదు.

ఎవరిచ్చారని అమ్మేవాణ్ణి అడిగాను.

"గౌలిగూడ దిక్కునుంచి ఒక ముసలామె తెచ్చిందమ్మా. మెడ ఎనక మచ్చ ఉన్నది. వచ్చే ఆదివారం బంగారు కమ్మలు గూడ తెస్తనన్నది" అన్నాడు.

అమ్మ కమ్మలు నువ్వే పెట్టుకుంటున్నావు కదా? ఒకసారి చెవులు తడిమి చూసుకో.

నీ చెల్లెలు