సున్నం అంటని గోడ

కాచిగూడ, 4-6-1999

చిక్కడపల్లి టీచరు జయశ్రీ గారికి,

తేటజల ఫిల్టర్ల కంపెనీ మేనేజరు దక్షిణామూర్తి నమస్కారాలు. మా ఫిల్టర్లో పోసిన మురికి పోసినట్టే దిగుతోందని మీ వెబ్‌సైటులో రాశారట. ఆ సైటు ఎన్ని గజాలు? అశోక్‌నగర్ వైపా? వెంటనే చెరపండి. లేకపోతే మా మనిషి వచ్చి సున్నం కొడతాడు.

భవదీయుడు,
దక్షిణామూర్తి

తా.క. గోడ ఎత్తు తెలిపితే నిచ్చెన పంపుతాం.

చిక్కడపల్లి, 9-6-1999

దక్షిణామూర్తి గారికి నమస్తే.

నా సైటుకు గజాలూ లేవు, గోడా లేదు. కంప్యూటరులో రాసిన పేజీ అది. టెలిఫోను తీగ మీద ఏ ఊరివాళ్లైనా చదువుతారు, వాళ్ల కష్టం కూడా రాస్తారు. మీ ఫిల్టరు నీళ్లు తాగి మా పాప కామెర్లతో మంచాన పడింది. చెరపను.

జయశ్రీ

తా.క. మీరు పంపిన ఈదయ్య సున్నం బకెట్టుతో వచ్చాడు. పేజీ చూపించాను. "అక్కా, గిది నా బ్రష్షుతోని అయ్యే పని గాదు" అని, టీ తాగి వెళ్లాడు.

కాచిగూడ, 18-6-1999

జయశ్రీ గారికి,

మా వకీలు ఒక్క ఫ్యాక్సు పంపగానే, మీ పేజీకి చోటిచ్చిన కంపెనీ దాన్ని పీకేసింది. వ్యవహారం ముగిసింది.

దక్షిణామూర్తి

తా.క. పాపకు ఎలా ఉంది?

చిక్కడపల్లి, 23-6-1999

అయ్యా,

నన్ను ఒక్క మాటైనా అడగకుండా తీసేశారు. నాతోపాటు నలభైమంది రాసుకున్నదీ పోయింది. ఏడ్చాను. తెల్లారి చూస్తే ఆ పేజీనే రాజమండ్రిలో ఎవరో తమ దగ్గర దాచుకున్నది మళ్లీ పెట్టారు. తర్వాత సింగపూరులో. ఇప్పటికి పదకొండు చోట్ల! వాళ్ల ముఖాలు కూడా నాకు తెలియవు. నారాయణగూడ ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి మీ కళ్లతో చూడండి.

జయశ్రీ

తా.క. పాప ఇడ్లీ తింటోంది.

కాచిగూడ, 30-6-1999

అమ్మా జయశ్రీ గారూ,

చూశాను. నేనెన్నడూ చూడని ఊళ్లన్నీ ఒక్క అద్దంలో మాట్లాడుతున్నాయి. సెంటరు నడిపే ఉమాకాంత్, "సార్, ఒకటి పీకిస్తే రెండు లేస్తయ్" అన్నాడు. చదువుతూ పోతే ఒకచోట: "మావారు ఈ కంపెనీలోనే పనిచేస్తారు. ఫిల్టరులో నేను కాచిన నీళ్లు పోస్తాను. ఆయనకు తెలియదు. విజయశ్రీ, కాచిగూడ."

విజయశ్రీ నా భార్య. తను పనిచేసే బ్యాంకు కంప్యూటరులో రాసిందట. ఇంటికెళ్లి అడిగితే, "ఎనిమిదేండ్ల సంది తాగుతున్నరు, ఒక్కనాడన్న జ్వరమొచ్చిందా?" అంది.

అమ్మకం ఆపమని యజమానికి రాశాను. వకీలు ఫ్యాక్సు ఇక నా మీదికే.

మీ పాపకు క్షమాపణలతో,
దక్షిణామూర్తి

తా.క. మీ పేజీ ఇప్పుడు పన్నెండు చోట్ల ఉంది. పన్నెండోది నాది.