మీటరులో పద్దెనిమిది

మంగళవారం, ఉదయం పది గంటలు
సైకిల్ షాపు నుంచి

ప్రియమైన అక్కకి,

తమ్ముడు నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మీరెలా ఉన్నారని అడగడం మర్యాదే గానీ, నిన్న సాయంత్రం మీ వీధి మలుపులో నిలబడి మీ డాబా మీద ఆరేసిన బట్టలు చూసి వచ్చాను కాబట్టి, ఉన్నారని తెలుసు. మూడు వీధుల అవతల ఉన్న అక్కకి పోస్టులో ఉత్తరం రాసే తమ్ముణ్ని నువ్వెక్కడా చూసి ఉండవు. కావాలంటే నవ్వుకో. నువ్వు నవ్వి రెండు నెలలైందని బావ చెప్పాడు.

పోయిన వారం నీతో మాట్లాడదామని మూడుసార్లు వచ్చాను. మొదటిసారి తలుపు తీసి, రారా, చేతులకి ఆ గ్రీజేంటి, ముందు కడుక్కో అన్నావు. గ్రీజుతో పాటు ధైర్యం కూడా కడిగేసుకుని, మంచినీళ్లు తాగి వచ్చేశాను. రెండోసారి బావ ఉన్నాడు. మూడోసారి గేటు గడియ మీద చెయ్యి వేసి కూడా తిరిగొచ్చాను. అందుకే ఈ కాగితం. బిల్లుబుక్కు వెనక పేజీల్లో రాస్తున్నాను, నూనె మరకలు పట్టించుకోకు.

ముందు కబుర్లు. నది పక్క సైకిల్ దారికి మున్సిపాలిటీ వాళ్లు కొత్త బోర్డులు పెట్టారు. నడిచేవాళ్లు ఎడమ, సైకిళ్లు కుడి, కరెంటు సైకిళ్లు గంటకి ఇరవై కిలోమీటర్లు దాటకూడదు అని. ఆ పాత రూలే, అక్షరాలు పెద్దవి చేశారు. దాని కింద గోనెపట్టా కప్పిన ఇంకో బోర్డు ఉంది. ఆ దారిలోకి కరెంటు సైకిళ్లు అసలు రాకూడదని దాని మీద ఉందట, రాసిన పెయింటరే చెప్పాడు. శుక్రవారం మీటింగులో తీర్మానం అయితే పట్టా తీస్తారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇదంతా నీ వల్లే వచ్చిందని ఊళ్లో అంటున్నారు. ఆ మాట నీ దాకా వచ్చిందని కూడా నాకు తెలుసు.

నువ్వు మందుల సంచితో కరెంటు సైకిలు మీద కాలనీకి వెళ్తూ దర్జీ పెద్దాయన్ని గుద్దిన సంగతి మళ్లీ ఎత్తకూడదు. కానీ నాకు ఆ విచారణ రోజు మనసులోంచి పోవడం లేదు. రోడ్ల ఆఫీసరమ్మ ఎంత వేగంలో ఉన్నారని అడిగితే నువ్వు తడుముకోలేదు. మీటరులో పద్దెనిమిది ఉంది, నా కళ్లతో చూశాను అన్నావు. వెనక వరుసల్లో నవ్వారు. పద్దెనిమిదిలో వచ్చే బండి మనిషిని అంత దూరం విసిరేస్తుందా అని ఒకాయన లేచి అడిగాడు. చేతికి కట్టుతో వచ్చిన దర్జీ పెద్దాయనకి నీ మీద కోపం కూడా లేదు పాపం. బెల్లు వినబడిందమ్మా, తల తిప్పేలోపే వచ్చి మీద పడ్డావు అన్నాడు. ఆ తర్వాత మీటరు సరిగ్గానే ఉందని నేను రాసిచ్చిన కాగితాన్ని ఆఫీసరమ్మ పైకి చదివింది. నువ్వు నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నావు.

నేను మూడో వరుసలో కూర్చుని ఉన్నాను. చిన్నప్పుడు మాస్టారు పొరపాటున రెండు మార్కులు ఎక్కువేస్తే వెళ్లి తీయించుకుని, ఇంట్లో తిట్లు తిన్న మనిషివి నువ్వు. మా అక్క అబద్ధమాడదు అని లేచి ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. అందుకు సిగ్గుపడుతున్నాను. ఇప్పుడు షాపుకొచ్చిన ఎవరైనా మీటరు అన్నారంటే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడుతున్నాను.

బావ నిన్ను కళ్లు చూపించుకోమన్నాడట. కళ్లు బాగున్నాయని డాక్టరు చెప్పాక, అయితే నా బుర్రే చెడిపోతోందేమో అన్నావట. పొయ్యి ఆపానా లేదా అని నాలుగుసార్లు లేచి చూస్తున్నావట. సిరంజిలో మందు ఎక్కించి, గీత దాకా ఉందో లేదో చూడమ్మా అని పక్క నర్సుని అడుగుతున్నావట. నన్ను కాలనీ పని మాన్పించి రిజిస్టరు బల్ల దగ్గర కూర్చోబెట్టండని నువ్వే అడిగి రాయించుకున్నావట. ఇరవై రెండేళ్లలో ఒక్క సూది తప్పు వేయని దానివి.

కాలనీ చివర మంచం పట్టిన టీచరమ్మ కొడుకు పంక్చరు వేయించుకోవడానికి వచ్చి, నీ గురించి అడిగాడు. బాగుంది అని చెప్పాను.

ఇంతకంటే రాయడానికేం లేదు. ఆరోగ్యం జాగ్రత్త. బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
నువ్వు పెట్టిన పేరే,
తొందరోడు

తా.క. మధ్యాహ్నం రెండున్నర. కవరు అంటించి, పోస్టు డబ్బా దాకా వెళ్లి, వెనక్కొచ్చి చింపాను. పైన రాసినదాంట్లో అబద్ధం లేదు గానీ, అసలు సంగతే రాయలేదు.

నువ్వు సరిగ్గానే చూశావక్కా. మీటరులో పద్దెనిమిదే ఉంది. ఆ మీటరు చేత తప్పు చెప్పించింది నేను.

సర్వీసుకి ఇచ్చినప్పుడు, వంతెన ఎక్కేసరికి బండి నీరసపడిపోతోందిరా, అవతల వాళ్లు సూది కోసం ఎదురుచూస్తుంటారు అన్నావు. ఇరవై రాగానే మోటారు ఆగేలా చేసి సీలు వేయాలని రూలు. ఆ సీలు వేసేవాణ్ని నేనే. రూలు తప్పిస్తానంటే నువ్వు ఒప్పుకోవు. అందుకని నీకు చెప్పకుండా, ఇరవై ఆరు అంగుళాల చక్రానికి పదహారు అని మీటరులో కొట్టాను. చక్రం చిన్నదనుకుంటే మీటరు వేగాన్ని తక్కువ చేసి చూపిస్తుంది, ఆ లెక్క చూసి ఆగే మోటారూ తొందరగా ఆగదు. నీకు పద్దెనిమిది కనిపించినప్పుడు నువ్వు ఇరవై తొమ్మిదిలో పోతున్నావు. రెక్కలొచ్చాయిరా నా బండికి అని మెచ్చుకున్నావు. నేను పళ్లికిలించాను.

గుద్దిన మర్నాడు తనిఖీకి బండిని నా షాపుకే పంపారు. ఊళ్లో ఇంకో షాపు లేదు కదా. ముందు పదహారుని ఇరవై ఆరు చేశాను. ఆ తర్వాతే మీటరు సరిగ్గా ఉందని రాసి సంతకం పెట్టాను. పెద్దాయన చెయ్యి విరగ్గొట్టింది నేను, నిన్ను అబద్ధాలకోరుని చేసింది నేను. నీ కళ్లకీ, నీ బుర్రకీ ఏమీ కాలేదు.

ఇందాక ఇదంతా వేరే కాగితం మీద రాసుకుని, సీళ్ల పెట్టె కూడా పట్టుకుని ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ రెండుసార్లు చదివింది. శుక్రవారం మీటింగులో అందరి ముందూ మీరే చదవాలి, తీర్మానం సంగతి ఆ తర్వాత చూద్దాం అంది. పెట్టె ఉంచుకుంది, షాపుకి తాళం పడుతుందని చెప్పింది. కాగితం మాత్రం వెనక్కి ఇచ్చేసింది. మీ అక్కకి చెప్పారా అని అడిగింది. లేదన్నాను. ఆవిడ కంటే ముందు నేను వినడమేంటి, వెళ్లి చెప్పి రండి అంది.

అందుకని ఇది పోస్టులో వేయడం లేదు. నా చేత్తో నీ చేతికిచ్చి, నువ్వు చదివేదాకా కదలను. తిట్టినా కొట్టినా సరే. తలెత్తి చూడక్కా, గుమ్మంలోనే ఉన్నాను.