బుట్టకి కాళ్లు కోసిన సారు

నాన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా కోపం ఆగక రాస్తున్నాను.

కాఫీ పళ్లు కోసేటప్పుడు బుట్ట వాలులో దొర్లిపోతోందని నువ్వు దానికి వెదురు కాళ్లు కట్టేవాడివి. కొండ పైవైపు రెండు పొట్టివి, దిగువ వైపు రెండు పొడుగువి. నీ మనవరాలు అలాంటి బుట్టే సొంతంగా కట్టింది. జారకుండా కాళ్లకి పాత టైరు ముక్కలు కూడా తొడిగింది. ఆ ఆలోచన నీకే రాలేదు!

దాన్ని బడికి తీసుకెళ్లింది. పిల్లలకి డిజైన్ థింకింగ్ నేర్పడానికి పట్నం నుంచి ఒక సారు వచ్చాడు. ఇంట్లోవాళ్ల ఇబ్బంది తీర్చే వస్తువేదైనా చేసి తెమ్మన్నాడు. బుట్టను బల్ల మీద పెట్టాడు. అది ఒరిగింది. ఎందుకిలా కట్టావమ్మా అని ఒక్క మాట అడగలేదు. రంపం తెప్పించి పొడుగు కాళ్లు కోయించాడు. "ఇప్పుడు పర్ఫెక్ట్!" అని ఫస్ట్ ప్రైజ్ ఇచ్చాడు. చూడ్డానికి వెళ్లిన మేమందరం చప్పట్లు కొట్టాం.

నిన్న తోటలో ఆ బుట్ట నిండు పళ్లతో కింద పారే గెడ్డ దాకా దొర్లింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏటి సదువుకున్నాడో ఆ సారు! మనం కొండ మీద బల్లలేసుకుని పళ్లు కోస్తన్నామేటి?" అని అరిచాను.

నీ మనవరాలు పళ్లు ఏరుతూ తలెత్తకుండానే అంది: "మరి నువ్వెందుకు సప్పట్లు కొట్టినావమ్మా?"

నువ్వు వెదురు చెక్కే కత్తి తెచ్చి దాని చేతికిచ్చాను.