మాటతో ఊపిరి కొలిచే గది గురించి

క్లినిక్కుల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: క్లినిక్కులలో మత్తు ఇచ్చి చేయు ఆపరేషన్లకు ఊపిరి చూపే యంత్రమును తప్పనిసరి చేయుట గురించి, మరియు నా భార్య నిర్దోషి అని తమరు రాతపూర్వకముగా తెలియజేయుట గురించి.

పై విషయములో రెండవది తమ శాఖ పరిధిలోనికి రాదని నాకు తెలుసు. గత నెలలో పదవీ విరమణ చేసేవరకు నేనూ గుమాస్తానే. ఇలాంటి అర్జీల మీద 'తగు చర్య నిమిత్తం' అని రాసి పక్క బల్లకు తోసేసిన చెయ్యే ఇది. ఇవాళ అదే చేత్తో తమకు రాసుకోవలసి వచ్చినందుకు సిగ్గుగా ఉంది. నిలబడి రాస్తున్నాను కనుక అక్షరాలు వంకర పోతే మన్నించ ప్రార్థన. నిలబడుటకు గల కారణము ఈ దిగువన మనవి చేయుచున్నాను.

1. నాకు కూర్చొనుటకు సంబంధించిన ఒక వ్యాధి కలదు. వ్యాధి పేరు స్పష్టముగా లేని అర్జీలు తిరస్కరించబడునని తమ కార్యాలయము గోడ మీద రాసి ఉన్నది. సరే. మొలలు. రాసేశాను. పెద్దాసుపత్రికి పోతే ఎవరో ఒకరు తెలిసినవాళ్లు తగిలి 'ఏమిటి సంగతి' అంటారని జంకి, చెప్పుల దుకాణం పైన రెండో అంతస్తులో ఉన్న క్లినిక్కుకు వెళ్లాను. అక్కడి డాక్టరు గారికి హస్తవాసి మంచిదని పేరు. పైగా గుట్టుగా అయిపోతుందని నా ఎత్తు.

2. సదరు క్లినిక్కులో రోగులను చూసే గదిలోనే కోయుట కూడా జరుగును. మధ్యన ఒక తెర, తెర అవతల జనం కూర్చునే బెంచీ. మత్తు ఇంజెక్షను ఇచ్చేది డాక్టరు గారే, కోసేది డాక్టరు గారే. కాంపౌండరు టోకెన్లు ఇచ్చుకుంటూ, ఫోను ఎత్తుకుంటూ ఉంటాడు. ఊపిరిని గానీ నాడిని గానీ చూపే యంత్రము లేదు. దానికి బదులు అక్కడ ఒక పద్ధతి అమలులో ఉన్నది. రోగి వెంట వచ్చిన మనిషిని తల దగ్గర స్టూలు మీద కూర్చోబెడతారు.

"అమ్మా, ఆయన్ని ఏదో ఒకటి అడుగుతూ ఉండండి. మాట వస్తోందంటే ఊపిరి ఉన్నట్టే. నా పని నేను చూసుకుంటాను" అన్నారు డాక్టరు గారు నా భార్యతో.

అనగా యంత్రము పోస్టులో నా భార్యను నియమించిరి. శిక్షణ లేదు, నియామక పత్రము లేదు. మా ఆవిడ భయపడుతూనే ఒప్పుకున్నది. తెలియని వాళ్లు చెయ్యమంటే కాదనడం ఆవిడకు చేతకాదు.

3. తదుపరి జరిగినది నాకు జ్ఞాపకము లేదు. ఆనాడు బెంచీ మీద ఉన్న మా వీధి ఇస్త్రీ బండి ఆయన నేను అడక్కుండానే పూసగుచ్చినట్టు చెప్పాడు. ఈపాటికి వీధిలో అందరికీ చెప్పే ఉంటాడు.

మా ఆవిడ మొదట గ్యాసు బుక్ చేశారా అని అడిగిందట, చేశానన్నానట. గొళ్లెం పెట్టామా అంటే పెట్టామన్నానట. అడగడానికి ఇంకేమీ తోచక, "మీ వీడ్కోలు సభ బాగా జరిగిందా?" అన్నదట.

"బ్రహ్మాండంగా జరిగింది. మా సూపరింటెండెంటు భార్య నా పక్కనే కూర్చుంది."

"ఆడవాళ్లని పిలవలేదన్నారుగా?"

"ఎందుకు పిలవలేదూ! అందరి ఆడవాళ్లూ వచ్చారు. నిన్నే తీసుకెళ్లలేదు. నువ్వు నవ్వితే వీధి చివరికి వినపడుతుంది. నలుగురిలో నా తల కొట్టేసినట్టుంటుంది."

ఇది చెప్పి నేను నవ్వానట. బెంచీ మీద వాళ్లు కూడా నవ్వారట. ఆ సభకు నేను వేసుకెళ్లిన చొక్కా ఉతికి, ఊడిన గుండీ కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చినది ఆవిడే. ఇది అర్జీలో రాయవలసిన అంశము కాదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

4. పిదప నా భార్య ప్రశ్నలు అడగలేదు. నేనూ మాట్లాడలేదు. డాక్టరు గారు తల వంచుకొని పనిలో ఉన్నారు. నేను నిద్రపోయానని ఆవిడ అనుకున్నది. ఆ స్థానంలో ఎవరున్నా అదే అనుకుందురు. కొంతసేపటికి నా పెదాలు నల్లబడుట గమనించి ఆవిడ కేక పెట్టినది. అప్పుడు ఆక్సిజను సిలిండరు ఉన్నదని, దానిని తిప్పే పానా మాత్రము కనిపించుట లేదని తేలినది. డాక్టరు గారు నా గడ్డం ఎత్తి పట్టుకొని, చెంపలు వాయించి, నోటికి గాలి సంచీ పెట్టి ఊపిరి తెప్పించిరి. వారికి ఋణపడి ఉన్నాను. స్ట్రెచరు మెట్ల మలుపు తిరగదు గనుక నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించిరి. నేను ఏ జబ్బుతో అక్కడికి వెళ్లానో తమరు ఒక్కసారి గుర్తు చేసుకోవలెను. చెప్పులు కొనడానికి వచ్చినవాళ్లు కూడా బేరాలు ఆపి చూశారట. చివరికి నన్ను చేర్చినది ఆ పెద్దాసుపత్రిలోనే.

5. ఇప్పుడు నేను బాగానే ఉన్నాను. నా భార్య బాగా లేదు. వేళకు అన్నం పెడుతుంది, మందు ఇస్తుంది, మాట మాత్రం లేదు. పగటిపూట నేను కునుకు తీస్తే వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. నేను కళ్లు తెరిస్తే చెయ్యి వెనక్కి తీసుకొని వెళ్లిపోతుంది. నీ తప్పేమీ లేదే అని ఎన్నిసార్లో చెప్పాను. నా మాటకు ఇప్పుడు మా ఇంట్లో ఏపాటి విలువ ఉంటుంది? అందుకే తమ సంతకము, ముద్ర కావాలి.

కావున తమరు దయయుంచి ఆ గదిని స్వయంగా చూసి, యంత్రము, పానాతో కూడిన సిలిండరు, మత్తును కనిపెట్టి ఉండుటకు వేరే ఒక మనిషి లేనిదే ఎక్కడా కత్తి పట్టరాదని ఉత్తర్వు ఇవ్వవలెను. డాక్టరు గారి పొట్ట కొట్టవలెనని నా ఉద్దేశము కాదు. అట్లే, ఊపిరిని కనిపెట్టుట భార్య విధి కాదని, జరిగినదానికి ఆమె బాధ్యురాలు కాదని ఒక్క వాక్యము ఆమె పేరిట పంపించవలెను. మొదటి కోరికకు ఆలస్యమైనా సరే గానీ రెండవది పక్క బల్లకు తోయవద్దని కాళ్లావేళ్లా పడి వేడుకొనుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సిగ్గు విడిచి నిలబడి సంతకము చేసిన
మాజీ గుమాస్తా

తా.క.: అయ్యా, నేను వారి భార్యను. కవరు అంటించి పోస్టులో వేసి రమ్మని నా చేతికే ఇచ్చారు. చదివాను. నాకు ఆఫీసు భాష రాదు, తప్పులుంటే ఏమీ అనుకోకండి. నాలుగో నంబరులో ఆయన రాసింది నిజం కాదు. ఆయన నిద్రపోయారని నేను అనుకోలేదు. పెదాలు రంగు మారుతుంటే చూస్తూనే ఉన్నాను. అదేమిటో తెలిసింది కూడా. అయినా నోరు తెరవలేదు. ఎంతసేపో చెప్పలేను. కాసేపు ఆయన్ని అలాగే ఉండనీ అనిపించింది. ఆ తర్వాతే అరిచాను. అందుకని నా తప్పు లేదని మీరు రాయకండి. మొదట అడిగింది మాత్రం తప్పకుండా చెయ్యండి. రేపు ఆ స్టూలు మీద ఇంకో ఆవిడ కూర్చుంటుంది. ఆవిడ మొగుడూ మత్తులో ఏదో ఒకటి అంటాడు. యంత్రమైతే నొచ్చుకోదు. ఇదంతా ఆయనకు మీ ఆఫీసు వాళ్ల నోట తెలియకూడదు. ఈ కవరు డబ్బాలో వేసి ఇంటికి వెళ్లి నేనే చెబుతాను.