ఇవాళ పబ్బులు చూడబోతున్నాం

ఫింటన్,

దూడకి పాలు పట్టాను. కోళ్లని నువ్వు గూట్లో పెట్టి మూసెయ్యి. క్యాబేజీ, పంది మాంసం పొయ్యి మీదున్నాయి, మాడ్చకుండా వేడి చేసుకో.

కారూ, పబ్బులన్నిటికీ గుర్తులు పెట్టిన నీ మ్యాపూ తీసుకెళ్తున్నాను. మీ చెల్లెలు యూనా తోడుంది. ఆరేళ్లుగా ఈ ప్రయాణానికి ముహూర్తం చూస్తున్నావు. ఎండ కాస్తే "గడ్డి కోయొద్దూ?" అంటావు, వాన పడితే "ఈ వానలో ఎక్కడికే?" అంటావు. ఇవాళ రెండూ ఉన్నాయి కాబట్టి బయల్దేరాం.

కిల్‌ఫెనోరాలో సూప్ తాగి, పాటలు విని, ఆరింటికి బాలీవాన్ రేవు పక్క పబ్బుకి చేరతాం. అక్కడికొచ్చే నాలుగున్నర బస్సు మన మలుపులో ఆగుతుంది.

ఓర్లా

నా పక్క కుర్చీ మీద నా కోటు వేసి ఉంచుతాను. ఏడింటికి చలేస్తుంది, తీసి తొడుక్కుంటాను. ఆ తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా వద్దనను.