ఊరికే పోసిన టీ

లిటిల్ రాక్ దగ్గర, మంగళవారం

వెర్నాకు, నేనూ బండీ క్షేమమే గానీ, పొద్దుటి నుంచి నాకు మతి పోయినట్టుంది. ట్రక్కు లైసెన్సు కోసం డాక్టరు పరీక్ష వచ్చే నెలే కదా, ఇక్కడి ట్రక్కు స్టాపులో బరువు చూసుకుంటే ఆరు వారాల్లో తొమ్మిది పౌండ్లు పెరిగాను! గ్రేవీ పోసిన బిస్కట్ రొట్టెలు మానేశాను, వేపుళ్ళ జోలికి పోలేదు, తిన్నదల్లా నువ్విచ్చిన పుస్తకంలో కాలరీలతో సహా రాశాను. మెషీను చెడిపోయిందని గొడవపడ్డాను. ఒక్క గ్లాసుకి డబ్బిస్తే ఎన్నిసార్లయినా ఊరికే ఐసు టీ పోసే ఇక్కడి మార్జెల్ నా పుస్తకం లాక్కుని చూసింది.

"తీపి టీ రోజుకి ఒక్కటే రాశావేం నాయనా? ఈ పూటే ఇది ఐదోసారి పొయ్యడం."

"గ్లాసు ఒక్కటేగా? మిగతావి నువ్వు ఊరికే పోసినవి."

"ఊరికే పోస్తే అందులో చక్కెర ఉండదటయ్యా?"

పక్క బల్ల దగ్గర డ్రైవరు పగలబడి నవ్వబోయి, తన గ్లాసు చూసుకుని ఆగిపోయాడు.

నా బీపీ మాత్రలు మెంఫిస్ డిపోకి పంపు. కుక్కకి సూది వేయించావా? వెనక మెట్టు ఇంకా ఊగుతోందా? ఫ్రిజ్‌లో జగ్గుడు తీపి టీ నేనొచ్చేలోపు పారబొయ్యి.

మీ అమ్మని అడిగానని చెప్పు. షుగరుందని డాక్టరు ఆవిణ్ణి తీపి టీ రోజుకి ఒక్క గ్లాసే తాగమన్నాడు కదా, పాపం మాట తప్పలేదు, ఒక్క గ్లాసే. కానీ వెర్నా, మన బల్ల మీద ఆ గ్లాసు ఖాళీగా ఉండగా నేనేనాడూ చూడలేదు. పోసేది మనమే.

నీ ఓటిస్